లూసియానా: మిసిసిపీ మట్టితో పుట్టిన రాష్ట్రం ఎందుకు కరిగిపోతోంది?

అమెరికా పటంలో లూసియానాను గుర్తుపట్టడం తేలిక. దేశానికి దక్షిణాన, గల్ఫ్ ఆఫ్ మెక్సికో ఒడ్డున బూటు ఆకారంలో ఉంటుంది. (ఈ గల్ఫ్‌కు ట్రంప్ ప్రభుత్వం 2025లో 'గల్ఫ్ ఆఫ్ అమెరికా' అని పేరు మార్చింది. మిగతా ప్రపంచం ఎక్కువగా పాత పేరే వాడుతోంది.) కానీ ఆ బూటు అడుగుభాగం పటంలో ఉన్నట్టుగా ఇప్పుడు నేల మీద లేదు. అక్కడ చాలాచోట్ల ఉన్నది నీళ్లే. అమెరికా భూగర్భ సర్వే సంస్థ లెక్క ప్రకారం 1932 నుంచి 2016 మధ్య లూసియానా తీరంలో సుమారు 4,800 చదరపు కిలోమీటర్ల నేల పోయింది. 1932లో అక్కడున్న తీరభూమిలో ఇది నాలుగో వంతు. విస్తరణకు ముందు హైదరాబాద్ జీహెచ్‌ఎంసీ పరిధి 650 చదరపు కిలోమీటర్లు. అలాంటివి ఏడు నగరాలు సముద్రంలో కలిసిపోయాయనుకుంటే ఈ నష్టం అర్థమవుతుంది.

తెలుగు పాఠకులకు ఈ రాష్ట్రం పేరు ఎక్కువగా వినిపించేది రొయ్యల సుంకాల వార్తల్లో. భీమవరం, నెల్లూరు రైతుల వనామీ రొయ్యలను అమెరికాలోకి రానివ్వొద్దని గట్టిగా పట్టుబడుతున్నవారిలో లూసియానా జాలర్లు ముందుంటారు. వాళ్ల కోపానికి దిగుమతుల ధర ఒక కారణమైతే, కాళ్ల కింద నేల జారిపోతుండటం మరో కారణం. ఈ రెండూ ఒకే తీరం కథ. ముందు ఆ రాష్ట్రమేమిటో చూద్దాం.

పేరు ఫ్రెంచి, చట్టం ఫ్రెంచి

లూసియానా విస్తీర్ణం సుమారు 1.35 లక్షల చదరపు కిలోమీటర్లు. అంటే తెలంగాణ కంటే కాస్త పెద్దది, ఆంధ్రప్రదేశ్ కంటే చిన్నది. జనాభా మాత్రం 2020 లెక్కల్లో 46.57 లక్షలే. రాజధాని బేటన్ రూజ్. ఆ మాటకు ఫ్రెంచిలో 'ఎర్ర కర్ర' అని అర్థం. అతిపెద్ద నగరం న్యూ ఆర్లీన్స్. ఉత్తరాన పైన్ అడవుల గుట్టలున్నాయి. వాటిలో అన్నిటికంటే ఎత్తైన డ్రిస్కిల్ 'పర్వతం' ఎత్తు 163 మీటర్లు. దాన్ని పర్వతమనడానికి ధైర్యం కావాలి. అక్కడి నుంచి దక్షిణానికి వస్తుంటే నేల పల్లమవుతూ, వరి చేలు, చెరకు తోటలు, సైప్రెస్ చెట్లు నీళ్లలో నిలబడి ఉండే చిత్తడి అడవులు, చివరికి గడ్డి మాత్రమే పెరిగే ఉప్పునీటి చిత్తడి నేలలు వస్తాయి. న్యూ ఆర్లీన్స్‌లో సగం దాకా సముద్ర మట్టానికి దిగువనే ఉంది.

మిసిసిపీ నది వెంట గల్ఫ్ దాకా వచ్చిన ఫ్రెంచి అన్వేషకుడు లా సాల్ 1682లో ఈ ప్రాంతానికి తన రాజు పద్నాలుగో లూయీ పేరు పెట్టాడు. 1718లో న్యూ ఆర్లీన్స్ నగరం వెలసింది. మధ్యలో కొన్నాళ్లు స్పెయిన్ ఏలింది. 1803లో నెపోలియన్ ఈ భూభాగాన్ని 1.5 కోట్ల డాలర్లకు అమెరికాకు అమ్మేశాడు. ఆ బేరంలో చేతులు మారింది ఇవాళ్టి రాష్ట్రం ఒక్కటే కాదు, ఉత్తరాన కెనడా సరిహద్దు దాకా పరచుకున్న విశాల ప్రాంతం. దాని దక్షిణ కొస 1812లో 18వ రాష్ట్రంగా యూనియన్‌లో చేరింది.

ఫ్రెంచి ముద్ర ఇంకా పోలేదు. మిగతా రాష్ట్రాల్లో ఎక్కువగా జిల్లా స్థాయి విభాగాలను కౌంటీలంటారు, ఇక్కడ 64 'పారిష్'లు. క్యాథలిక్ చర్చి పరిధుల నుంచి వచ్చిన మాట అది. మిగతా 49 రాష్ట్రాలు మన దేశంలాగే ఇంగ్లండ్ కామన్ లా దారిలో నడుస్తాయి. లూసియానాలో ఆస్తి, వారసత్వం, ఒప్పందాల విషయాలకు ఫ్రెంచి, స్పానిష్ మూలాలున్న సివిల్ కోడ్ ఆధారం. 1755 నుంచి కెనడా తూర్పు తీరం నోవా స్కోషియాలో బ్రిటిష్‌వాళ్లు వెళ్లగొట్టిన ఫ్రెంచి రైతుల వారసులే ఇక్కడి కేజన్లు. 1921 రాష్ట్ర రాజ్యాంగం బడుల్లో ఇంగ్లిష్ తప్ప మరో భాషలో చదువు చెప్పకూడదంది. బడిలో ఫ్రెంచి మాట్లాడి దెబ్బలు తిన్న తరం తమ పిల్లలకు ఆ భాష నేర్పలేదు. 1968లో రాష్ట్ర ప్రభుత్వమే ఫ్రెంచిని కాపాడటానికి ఒక మండలి పెట్టింది కానీ అప్పటికే ఆలస్యమైంది.

వంటలో మాత్రం ఎవరూ ఓడిపోలేదు. ఇక్కడి ప్రసిద్ధ వంటకం 'గంబో' పేరు పశ్చిమ, మధ్య ఆఫ్రికా భాషల్లో బెండకాయకున్న మాట నుంచి వచ్చిందంటారు. బానిసలుగా వచ్చినవాళ్ల బెండకాయ, ఫ్రెంచివాళ్ల తాలింపు పద్ధతి, గల్ఫ్ రొయ్యలు ఒకే గిన్నెలో ఉడుకుతాయి. పక్కన అన్నం తప్పనిసరి.

నది వేసిన మట్టి

రాకీ పర్వతాలకు, అపలాచియన్ పర్వతాలకు మధ్య కురిసిన వానలో ఎక్కువ భాగం చివరికి మిసిసిపీలోకే చేరుతుంది. అలాస్కా, హవాయి మినహా అమెరికా భూభాగంలో 41 శాతం నీళ్లు ఈ నది పరీవాహకంలోవే. సుమారు 7,000 ఏళ్లుగా ఆ నీళ్లు మోసుకొచ్చిన ఒండ్రు మట్టే దక్షిణ లూసియానా. నది ఒకే దారిలో ప్రవహించలేదు. నోటి దగ్గర మట్టి పేరుకుని దారి పొడవైనప్పుడల్లా, వెయ్యి వెయ్యిన్నర ఏళ్లకోసారి, దగ్గర దారి వెతుక్కుని పక్కకు తిరిగేది. తిరిగిన చోట కొత్త డెల్టా, వదిలేసిన చోట మెల్లగా కుంగే పాత డెల్టా. గోదావరి, కృష్ణా డెల్టాలు పుట్టిందీ ఇలా పాయలు మారుతూనే.

20వ శతాబ్దం మధ్యకల్లా మిసిసిపీ మళ్లీ తిరగడానికి సిద్ధమైంది. పడమరన ఉన్న అచఫలాయా పాయ గల్ఫ్‌కు దగ్గర దారి. నదిని తిరగనిస్తే న్యూ ఆర్లీన్స్, బేటన్ రూజ్ రేవులు, వాటి మీద ఆధారపడ్డ రిఫైనరీలు ఎండిపోతాయి. అందుకని సైన్యం ఇంజినీరింగ్ విభాగం 1963లో 'ఓల్డ్ రివర్' దగ్గర రెగ్యులేటర్ కట్టి, నీటిలో 30 శాతాన్నే అచఫలాయాకు వదలాలని నిర్ణయించింది. 1973 వరదలో ఆ కట్టడం పునాది కోసుకుపోయి కూలే దాకా వచ్చింది. తర్వాత 1986లో తోడుగా మరొకటి కట్టారు. ఒక నదిని శాతాల లెక్కన రెండుగా పంచి అలాగే పట్టి ఉంచడం ప్రపంచంలో అరుదు.

దీనికి ముందే, 1927లో, మరో నిర్ణయం జరిగింది. ఆ ఏడాది మిసిసిపీ చరిత్రలోనే పెద్ద వరద. న్యూ ఆర్లీన్స్ మునుగుతుందని భయపడిన నగర బ్యాంకర్లు, పెద్దలు గవర్నర్‌ను ఒప్పించి ఏప్రిల్ 29న నగరానికి దిగువన కార్నార్వన్ దగ్గర కరకట్టను డైనమైట్‌తో పేల్చారు. సెయింట్ బెర్నార్డ్, ప్లాక్‌మిన్స్ పారిష్‌లలో వేలాదిమంది జాలర్లు, వేటగాళ్లు ఇళ్లు వదిలారు. పరిహారం ఇస్తామన్న మాట నిలబెట్టుకోలేదు. పైగా ఎగువన కరకట్టలు వాటంతట అవే తెగడంతో ఈ పేలుడు అవసరం లేకపోయిందని తర్వాత తేలింది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, ముందు మళ్లీ వస్తుంది.

1928లో కాంగ్రెస్ చట్టం చేశాక నది రెండు ఒడ్లా కరకట్టలు పటిష్ఠమయ్యాయి. ఊళ్లు మునగడం తగ్గింది. కానీ వరద నీళ్లు ఒడ్డు దాటకపోతే మట్టి కూడా దాటదు. ఏటా కొత్త పొర పడితేనే కుంగుతున్న డెల్టా నేల నీటికి పైన ఉంటుంది. ఇప్పుడా మట్టి నేరుగా గల్ఫ్ లోతుల్లోకి పోతోంది. మిస్సోరి లాంటి ఉపనదుల మీద కట్టిన ఆనకట్టల వెనక మరికొంత ఆగిపోయి, పాత రోజులతో పోలిస్తే నదిలో వచ్చే మట్టే సగానికి పడిపోయింది.

చమురు తవ్విన కాలువలు

మట్టి రాకపోవడం ఒక దెబ్బ. చమురు కంపెనీలు రెండో దెబ్బ. 1901లో జెన్నింగ్స్ దగ్గర తొలి బావి పడింది. తర్వాతి దశాబ్దాల్లో బావుల దగ్గరకు పడవలు, పైపులు తీసుకెళ్లడానికి చిత్తడి నేలల్లో వేల కిలోమీటర్ల కాలువలు తవ్వారు. ఆ కాలువల్లోంచి ఉప్పునీరు లోపలికి ఎక్కి మంచినీటి గడ్డిని చంపింది. గడ్డి వేళ్లు పోతే నేలను పట్టి ఉంచేదేమీ లేదు. (మిగిలిన గడ్డిని 1930లలో దక్షిణ అమెరికా నుంచి బొచ్చు కోసం తెచ్చిన న్యూట్రియా అనే పెద్ద ఎలుక జాతి జంతువు తింటోంది. దాని తోక తెచ్చి ఇచ్చినవారికి ప్రభుత్వం తోకకు 6 డాలర్లు చెల్లిస్తుంది.)

ఇక్కడో చట్టపరమైన చిక్కుంది. లూసియానాలో పడవలు తిరిగే నీటి అడుగు భూమి ప్రభుత్వానిది. ఎవరి నేలైనా కోతకు గురై అలాంటి నీళ్లలో కలిస్తే యాజమాన్యం, దాంతోపాటు కింద ఉన్న చమురు హక్కు పోయే ప్రమాదం ఉంటుంది. అందుకే నేల ఎక్కడ ముగిసి నీరు ఎక్కడ మొదలైందన్న గొడవ ఇక్కడ కోర్టు దాకా పోతుంది.

2013లో న్యూ ఆర్లీన్స్ ప్రాంత కరకట్టల బోర్డు 97 చమురు, గ్యాస్ కంపెనీల మీద దావా వేసింది. కాలువలతో మీరు చేసిన నష్టం పూడ్చండి అని. అప్పుడు గవర్నర్ బాబీ జిందాల్. పంజాబ్ నుంచి వచ్చిన దంపతులకు బేటన్ రూజ్‌లో పుట్టి, 2008లో అమెరికాలోనే తొలి భారత సంతతి గవర్నర్ అయినప్పుడు ఇక్కడ మనవాళ్లు సంబరపడిన ఆ జిందాలే. ఆ దావాను అడ్డుకునే చట్టం మీద ఆయన 2014లో సంతకం చేశారు. తర్వాత కోర్టులు ఆ దావాను కొట్టేశాయి. కానీ పారిష్‌లు విడివిడిగా వేసిన కేసులు మిగిలాయి. వాటిలో ప్లాక్‌మిన్స్ పారిష్ వేసిన కేసులో 2025 ఏప్రిల్‌లో జ్యూరీ షెవ్రాన్ కంపెనీ సుమారు 74.5 కోట్ల డాలర్లు చెల్లించాలని తేల్చింది. అప్పీలు చేస్తామని కంపెనీ చెప్పింది.

చమురుకూ ప్రభుత్వానికీ మధ్య ఈ బంధం పాతది. 1928లో గవర్నరైన హ్యూయీ లాంగ్ చమురు కంపెనీల మీద పన్నులతోనే పిల్లలకు ఉచిత పాఠ్యపుస్తకాలు, పల్లెలకు రోడ్లు, వంతెనలు ఇచ్చాడు. ప్రత్యర్థులను తొక్కేశాడు. 34 అంతస్తుల శాసనసభ భవనం కట్టించాడు. అమెరికా రాష్ట్రాల శాసనసభ భవనాల్లో ఇప్పటికీ అదే ఎత్తైనది. 1935 సెప్టెంబరులో అదే భవనంలో తుపాకీ గుండు తగిలి చనిపోయాడు. తర్వాతి తరంలో ఎడ్విన్ ఎడ్వర్డ్స్ నాలుగుసార్లు గవర్నర్. 1991లో ఆయన ప్రత్యర్థి కూ క్లక్స్ క్లాన్ మాజీ నాయకుడు డేవిడ్ డ్యూక్ కావడంతో, దొంగకే ఓటేయండి అన్న అర్థం వచ్చే స్టిక్కర్లను కార్లకు అతికించుకుని మరీ జనం ఎడ్వర్డ్స్‌ను గెలిపించారు. ఆయన తర్వాత అవినీతి కేసులో జైలుకు వెళ్లాడు.

రాష్ట్ర జనాభాలో దాదాపు మూడో వంతు నల్లజాతివారు. రైలు పెట్టెల్లో జాతి వివక్షను అమెరికా సుప్రీంకోర్టు 1896లో సమర్థించిన ప్లెసీ కేసు న్యూ ఆర్లీన్స్ రైలు నుంచే వచ్చింది. 12 మంది జ్యూరీలో పదిమంది ఒప్పుకుంటే చాలు, ఘోర నేరాల్లో శిక్ష వేయొచ్చన్న నిబంధనను లూసియానా ఓటర్లు రద్దు చేసింది 2018లో. ఖైదీల నిష్పత్తిలో దేశంలో పైవరుసలో ఉండే రాష్ట్రమిది.

కత్రినా తర్వాత

2005 ఆగస్టు 29న కత్రినా తుపాను తీరం దాటినప్పుడు న్యూ ఆర్లీన్స్‌లో 80 శాతం మునిగింది. గాలి కంటే ఎక్కువ ప్రాణాలు తీసింది కాలువల గోడలు తెగడం. డిజైన్ లోపాలున్నాయని కట్టిన సైనిక ఇంజినీర్లే తర్వాత ఒప్పుకున్నారు. లోయర్ నైన్త్ వార్డులోని నల్లజాతి కుటుంబాల్లో చాలామంది కరకట్టను కావాలనే పేల్చారని నమ్మారు. దానికి ఆధారం దొరకలేదు. కానీ 1927లో పేల్చిన మాట నిజమే కదా. 2000లో 4.85 లక్షలున్న నగర జనాభా 2020లో 3.84 లక్షలు.

తర్వాత 1,400 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుతో నగరం చుట్టూ కొత్త కరకట్టలు, గేట్లు, పంపులు కట్టారు. సరిగ్గా 16 ఏళ్లకు, 2021 ఆగస్టు 29న ఐడా తుపాను వచ్చినప్పుడు అవి నిలిచాయి. ఆ గోడల బయట ఉన్న ఊళ్ల పరిస్థితి వేరు. గోడకూ గల్ఫ్‌కూ మధ్య చిత్తడి నేల ఉంటే ఉప్పెన వేగం తగ్గుతుంది. అది లేకపోతే గోడ మీదే భారమంతా.

అందుకే కత్రినా ఏడాదే రాష్ట్రం తీర రక్షణ సంస్థను పెట్టింది. అది తయారుచేసే ప్రణాళిక 50 ఏళ్లకు 5,000 కోట్ల డాలర్లది. 2010లో బీపీ డీప్‌వాటర్ హొరైజన్ పేలి 11 మంది చనిపోయి, చమురు తీరాన్ని కప్పినప్పుడు కంపెనీ కట్టిన పరిహారం దీనికి అక్కరకొచ్చింది. ఆ ప్రణాళికలో ప్రధానమైనది మిడ్ బరటారియా మళ్లింపు పథకం. న్యూ ఆర్లీన్స్ దిగువన పడమటి కరకట్టకు గేట్లు పెట్టి, నది నిండుగా ఉన్నప్పుడు 75,000 క్యూసెక్కుల వరకూ మట్టినీటిని బరటారియా బే చిత్తడిలోకి వదలాలి. నది పని నదితోనే చేయించడమన్నమాట. ఇది జరిగే పనేనని చూపడానికి దగ్గర్లోనే సాక్ష్యముంది: 1940లలో వరద కోసం తవ్విన వాక్స్ లేక్ కాలువ నోట్లో, 1973 వరద తర్వాత నుంచి కొత్త డెల్టా తనంతట తానే పెరుగుతోంది.

ఖర్చు సుమారు 300 కోట్ల డాలర్లు. 2023 ఆగస్టులో పనులు మొదలయ్యాయి. 2025 జులైలో రాష్ట్రమే రద్దు చేసింది. అప్పటికే 50 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయింది.

ఎందుకు? బరటారియాలో ఇప్పుడు ఉప్పునీళ్లున్నాయి. నేల పోయి సముద్రం లోపలికి రావడం వల్లే వచ్చిన ఉప్పునీళ్లవి. ఆ నీళ్లలోనే గోధుమరంగు రొయ్యలు, ఆల్చిప్పలు పెరుగుతున్నాయి, వాటి మీద కుటుంబాలు బతుకుతున్నాయి. మంచినీళ్లు ముంచెత్తితే రెండూ పోతాయి, డాల్ఫిన్లు చస్తాయి. ఇది ఊహ కాదు. వరద తగ్గించడానికి 2019లో బానే కారే గేట్లను రెండుసార్లు తెరిచినప్పుడు పక్కనున్న మిసిసిపీ రాష్ట్ర జలాల్లో ఆల్చిప్పలు తుడిచిపెట్టుకుపోయాయి. బరటారియా పథకం కోసం 2018లో కాంగ్రెస్ సముద్ర క్షీరదాల రక్షణ చట్టం నుంచి ప్రత్యేక మినహాయింపు ఇవ్వాల్సి వచ్చిందంటేనే నష్టం ఎవరూ కాదనలేదని అర్థం. 2024లో పదవిలోకి వచ్చిన గవర్నర్ జెఫ్ లాండ్రీ జాలర్ల పక్షం తీసుకుని, ఖర్చునూ వాళ్ల సంస్కృతికి జరిగే హానినీ కారణాలుగా చూపారు. పథకాన్ని సమర్థించిన పర్యావరణ సంస్థలు మాత్రం, దీనికి బదులు చెప్పిన చిన్న మళ్లింపు చాలదన్నాయి.

నాకు లాండ్రీ వాదన కంటే పర్యావరణ సంస్థల లెక్కే బలంగా కనిపిస్తుంది. అయితే 50 ఏళ్ల తర్వాత మిగిలే నేల కోసం ఈ ఏడాది వేటను వదులుకోమని చెప్పేది బ్యాంకు రుణంతో పడవ కొన్న మనిషికి అని మరచిపోలేం. 1927లో నగరం కోసం మునిగిన ప్లాక్‌మిన్స్‌నే ఇప్పుడు మళ్లీ త్యాగం అడిగారు.

ఇక్కడ రొయ్య, అక్కడ రొయ్య

బరటారియాలో రొయ్యల వేట చరిత్ర కూడా వలసలదే. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినవాళ్లు బే మధ్యలో కొయ్యల మీద 'మనీలా విలేజ్' అనే ఊరు కట్టుకుని ఎండు రొయ్యలు చేసి అమ్మేవాళ్లు. 1965లో బెట్సీ తుపాను దాన్ని తుడిచేసింది. 1975 తర్వాత వియత్నాం శరణార్థులు వచ్చి పడవలు కొన్నారు.

వీళ్లందరినీ దెబ్బకొట్టింది చెరువుల్లో పెంచిన చవక రొయ్య. అమెరికన్లు తినే రొయ్యల్లో 90 శాతానికి పైగా దిగుమతులే. అందులో భారత్‌ది పెద్ద వాటా, భారత్ వాటాలో ఆంధ్రప్రదేశ్‌ది సింహభాగం. గల్ఫ్ తీర జాలర్ల ఫిర్యాదుతో 2005లో భారత్ సహా ఆరు దేశాల మీద యాంటీ డంపింగ్ సుంకం పడింది. 2024లో సబ్సిడీల పేరుతో మరో సుంకం వచ్చింది. 2025 ఆగస్టులో ట్రంప్ భారత సరకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు గోదావరి జిల్లాల్లో రొయ్య ధర పడిపోతే, లూసియానా రేవుల్లో ఊపిరి పీల్చుకున్నారు. అదీ చాలదని లూసియానా సెనెటర్ బిల్ కాసిడీ భారత రొయ్య మీదే ప్రత్యేక సుంకానికి బిల్లు పెట్టారు. హోటళ్లలో వడ్డించే రొయ్య దిగుమతిదైతే ఆ మాట చెప్పాలని రాష్ట్ర చట్టం 2019 నుంచి అంటోంది.

సుంకం రేవులో ధర పెంచవచ్చు. రొయ్య పిల్ల పెరిగే గడ్డి నేలను మాత్రం తేలేదు.

వెళ్లిపోయినవాళ్లు

టెరెబోన్ పారిష్‌లో ఐల్ డి జీన్ చార్లెస్ అనే దీవి ఉండేది, ఇంకా కొంచెం ఉంది. మూలవాసీ తెగల కుటుంబాలు తరాలుగా ఉన్న ఆ దీవి 1955 నుంచి 98 శాతం నేలను కోల్పోయింది. 2016లో కేంద్ర ప్రభుత్వం వాళ్లను తరలించడానికి 4.83 కోట్ల డాలర్లు ఇచ్చింది. వాతావరణ మార్పు కారణంగా ఊరంతటినీ తరలించడానికి అమెరికా ఇచ్చిన తొలి సొమ్ముల్లో ఇదొకటి. 2022 ఆగస్టులో సుమారు 60 కిలోమీటర్ల లోపలికి, కొత్త ఇళ్లలోకి మారడం మొదలైంది.

రాష్ట్రం పడమటి చివర కామెరన్ పారిష్ మరోలా ఖాళీ అవుతోంది. అక్కడ 2005లో రీటా, 2020లో లారా తుపాన్లు విరుచుకుపడ్డాయి. 2000లో 9,991 మంది ఉండగా 2020 జనగణనలో 5,617 మంది మిగిలారు. అదే పారిష్‌లోని సబైన్ పాస్ నుంచి 2016లో ద్రవీకృత సహజవాయువు ఎగుమతి మొదలైంది. 2018 మార్చిలో గెయిల్ కొన్న తొలి నౌక అక్కడి నుంచే మహారాష్ట్రలోని దభోల్ చేరింది. కొత్త టెర్మినళ్లు ఇంకా వస్తున్నాయి, పన్ను రాయితీలతో.

తీర ప్రణాళికను ఆరేళ్లకోసారి సవరించాలి. గతది 2023లో వచ్చింది. తర్వాతది 2029లో శాసనసభ ముందుకు రావాలి. బరటారియా కోసం తీసిపెట్టిన బీపీ సొమ్మును ఏం చేయాలన్నది ఈలోగా తేల్చుకోవాల్సి ఉంటుంది.